ఆకు పక్కన పెట్టిన సిగరెట్టు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఒక సిగరెట్టు. తూకం వేస్తే గ్రాము ఉంటుందో ఉండదో. దాన్ని దించుకోవాలంటే ఒక్క మనిషి ముందు నోరు విప్పాలి. విప్పలేకపోయాను. ఆ మనిషి మా వదిన. ఆమెకు చెప్పలేనిది మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు, రేపు బస్సులో పక్కన కూర్చున్నా గుర్తుపట్టరు. పిరికివాడికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఒకటే మనవి. మధ్యలో ఓదార్చకండి, నాకు గిట్టదు.

ముందు నా నోటి యావ సంగతి చెప్పాలి. అది లేకపోతే మిగతాదేదీ జరిగేది కాదు.

నేను పుట్టింది వాకాడు వైపు సముద్రం ఒడ్డున ఒక పాలెంలో. మా ఇంట్లో వల వదిలేసి కంపెనీ పనికి పోయినవాణ్ణి నేనొక్కణ్ణే. తడ దగ్గర ఫ్యాక్టరీలో షిఫ్టు పని. సిగరెట్టు మాత్రం మా అన్న దగ్గర నేర్చుకున్నాను. కూతురు పుట్టాక మా ఆవిడ ఆ పిల్ల తల మీద నా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. వేశాను. తోటి పనివాడొకడు చెన్నై నుంచి వేప్ తెచ్చిచ్చాడు, ఛార్జింగు పెట్టుకుని ఆవిరి పీల్చే గొట్టం. మామిడిపండు వాసన. నిషేధం వచ్చాక కూడా దొరుకుతూనే ఉంది, సెల్‌ఫోను కవర్లు అమ్మే కొట్లో తెలిసినవాళ్ళు అడిగితే లోపలినుంచి తీసి ఇస్తారు. ఒట్టు సిగరెట్టు మీద గదా, దీని మీద కాదు గదా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

గతిలేనమ్మకు గంజే పానకం అంటారు. గంజి తాగి పానకమనుకోవడం చాలా కష్టమండీ. వేప్‌లో ఆవిరి ఉంది, నిప్పు లేదు. బూడిద రాలదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు లేదు. అన్నం తిన్నాక, టీ తాగాక, షిఫ్టు దిగి గేటు దాటాక, రెండు వేళ్ళ మధ్య ఏదో లేదని చెయ్యి వెతుక్కుంటుంది. ఏలక్కాయలు నమిలాను. అల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నాను. పెన్ను పట్టుకుని లేని బూడిద దులిపాను. టీ కొట్టు దగ్గర సిగరెట్టు తాగేవాడి వెనక గాలివాటు చూసుకుని నిలబడ్డాను. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఇంట్లో మాత్రం మానేసిన మగాడినని పేరు తెచ్చుకున్నాను.

ఆ రోజుల్లోనే మా అన్న పోయాడు. పోయాడని ఇప్పుడు రాస్తున్నాను. అప్పుడు ఎవరికీ తెలీదు.

తెప్ప మీద ఒంటరిగా వేటకు వెళ్ళాడు. గాలివాన లేదు, పెద్ద కెరటం లేదు. మర్నాడు తెప్ప ఒక్కటే ఒడ్డుకు కొట్టుకొచ్చింది. వల తడవకుండా దాని మీదే ఉంది. సముద్రం పీనుగును దాచుకోదు, ఎక్కడో ఒకచోట తెచ్చి పారేస్తుందని మా వాళ్ళు అంటారు. మా అన్నను తెచ్చి ఇవ్వలేదు. నెలలు గడిచాయి. వదిన బొట్టు తీయలేదు, పూలు మాత్రం మానేసింది. ఆ మధ్యలో పులికాట్ వైపు నుంచి వచ్చిన చుట్టం ఒకడు ఒక మాట చెప్పాడు. మరపడవ వాళ్ళు ఎవరినో నీళ్ళలోంచి లాగి చెన్నై హార్బరులో దించారట, ఆ మనిషికి తన పేరు కూడా గుర్తులేదట. అవునో కాదో. వదిన ఆ మాట పట్టుకుంది. పెళ్ళి ఫోటో గోడ మీంచి దించి సంచిలో పెట్టుకుంది. ఆదివారం చెన్నైకి తీసుకుపొమ్మని నన్ను అడిగింది. సరే అన్నాను.

అయితే మా పాలెంలో ఒక ఆచారం ఉంది. శవం దొరకని మనిషి గురించి ముందు సముద్రాన్ని అడగాలి. మిట్టమధ్యాహ్నం ఒడ్డున ఆకు వేసి అన్నం, చేపల పులుసు పెడతారు. అవి లెక్కలోకి రావు, కాకులు తింటాయి, కుక్కలు తింటాయి. అందుకే ఆకు పక్కన మనిషి తప్ప ఏ జీవీ ముట్టనిది ఒకటి పెట్టాలి, పోయినవాడికి ప్రాణమైనది. మా అన్నకు సిగరెట్టు. పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. పొద్దు గుంకేదాకా పాలెంలో ఒక్కరు కూడా ఒడ్డు తొక్కరు. తెప్ప కదలదు, కొట్టు తెరవరు, తలుపులు వేసుకుని ఉంటారు. కాపలా ఉండదు. ఆ పూట ఒడ్డుకు పోయే మనిషి మాలో పుట్టడనే నమ్మకమే కాపలా. సాయంత్రం పోయి చూస్తారు. ముట్టి ఉంటే మనిషి లేడు, కర్మ చేయాలి. ముట్టకుండా ఉంటే బతికే ఉన్నాడు, అప్పుడు పాలెమంతా కదిలి వెతుకుతుంది. పెదకాపు, అంటే మా పాలెం పెద్ద, ముందు అది కానిమ్మన్నాడు.

ఆ సిగరెట్టు కొన్నది నేనే. ప్యాకెట్ కొంటే మిగిలినవి నా జేబులో ఉంటాయని భయపడి, విడిగా ఒక్కటే కొన్నాను. అంత జాగ్రత్తపరుణ్ణి. తడ నుంచి ఊరికి వచ్చేదాకా అది చొక్కా జేబులో ఉంది. బస్సు కుదిపినప్పుడల్లా దాని వాసన ముక్కుకు తగిలింది. నా అంతట నేనే దాన్ని తీసుకుపోయి ఇసుకలో నిలబెట్టాను, పక్కన అగ్గిపెట్టె పెట్టాను. మిగతావాళ్ళతో పాటు వెనక్కి చూడకుండా నడిచి వచ్చాను.

ఇంట్లో అందరం కూర్చున్నాం. ఉదయం నుంచి కరెంటు లేదు. వేప్‌లో ఛార్జింగు ఎప్పుడో అయిపోయింది. అన్నం తిన్నాక నోరు అడగడం మొదలుపెట్టింది. ఏలక్కాయ వేశాను. నీళ్ళు తాగాను. ఒక్కొక్కరే కునుకు తీస్తున్నారు. వదిన మాత్రం ఫోటో ఉన్న సంచి ఒళ్ళో పెట్టుకుని మూసిన తలుపు వైపు చూస్తూ ఉంది. నేను దొడ్డివైపు పోయి వస్తానన్నాను.

ఎందుకు పోయాను? వాసన చూసి వద్దామని. నిజం చెబుతున్నాను, ముట్టాలని కాదు. అదీ నిజమేనా? ఏమో. సరుగుడు తోపు దాటేదాకా నేను నాతో చెప్పుకున్నది అదే.

ఒడ్డు మీద పురుగు లేదు. అంత ఖాళీగా ఆ ఒడ్డును నేను ఎప్పుడూ చూడలేదు. ఆకులో అన్నం అన్నంలాగే ఉంది, ఒక్క కాకి వాలలేదు. సిగరెట్టు పెట్టింది పెట్టినట్టే ఉంది. తీశాను. వాసన చూశాను. సముద్రం గాలిలో అగ్గిపుల్ల అంటుకోవాలంటే చేతులు అడ్డం పెట్టి నాలుగైదు పుల్లలు పారేయాలి. ఆ రోజు మొదటి పుల్లకే అంటుకుంది. గాలి నీళ్ళ మీంచి నా ముఖానికి కొడుతోంది. నేను వదిలిన పొగ మాత్రం నీళ్ళ వైపు పోయింది. చూశాను. చూసి కూడా ఆపలేదు. వెనక ఎవరో గొంతు సవరించుకున్నట్టు అనిపించింది. తిరిగి చూడలేదు. చివరిదాకా, దూది కాలేదాకా తాగాను.

అప్పుడు ఒకటి జరిగింది. మా అన్నకు ఒక అలవాటు ఉండేది. పీకను బొటనవేలితో నొక్కి రెండుగా మడిచి ఇసుకలో గుచ్చేవాడు. నాకు ఆ అలవాటు లేదు, నేను విసిరేసేవాణ్ణి. తాగాక చూసుకుంటే నా వేళ్ళ మధ్య పీక మడిచి ఉంది. నేనే మడిచాను, నా వేళ్ళే అవి. ఎప్పుడు మడిచానో తెలీదు. దాన్ని ఆకు పక్కన గుచ్చి, తోపులోపడి వచ్చేశాను. ఇంటికొచ్చి చేతులు చింతపండు వేసి కడుక్కున్నాను. వదిన అలాగే కూర్చుని ఉంది.

పొద్దు గుంకుతుండగా అందరం పోయాం. పెదకాపు వంగి చూశాడు గానీ ముట్టలేదు. వదిన మోకాళ్ళ మీద కూలబడి ఆ పీకను వేళ్ళతో తీసింది.

“అబ్బయ్యా, చూడు. మడిచినాడు.”

“గాలికేమో వదినా.”

“గాలి ఎలిగిస్తాదా? గాలి మడస్తాదా?” అంది. ఏడవడం లేదు. అదే నన్ను ఇప్పటికీ తింటుంది. “నువ్వు ఆయన పక్కన పెరిగినోడివి. నువ్వు చెప్పు. ఇది మీ అన్నేనా?”

అందరూ నావైపు చూశారు. చెప్పవచ్చు. నేనే తాగినానని ఒక్క మాట. వెలేస్తారు, తంతారు, మా ఆవిడ ముఖాన ఉమ్మేస్తుంది. అంతేగా? మా అన్న బతికి ఉండేవాడు, కనీసం అందరి మనసుల్లో, కనీసం ఆదివారం దాకా.

“అన్నే వదినా,” అన్నాను.

చెప్పకుండా ఊరుకోవడం వేరు, అడిగినప్పుడు అబద్ధం చెప్పడం వేరు. తేలు కుట్టిన దొంగ కూడా నోరు మూసుకుంటాడు. నేను నోరు తెరిచాను.

కర్మ జరిగింది. ఒడ్డునే గాజులు పగలగొట్టారు. ఫోటోకు దండ వేసి మళ్ళీ గోడకు కొట్టారు. చెన్నై ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు. వదిన రొయ్యల షెడ్డులో పనికి కుదిరింది.

మరుసటి ఏడు ఆ తిథికి, తద్దినంలాగా, అదే కట్టుబాటుతో ఆమె మళ్ళీ ఆకు వేసింది, మళ్ళీ సిగరెట్టు నాచేతనే తెప్పించింది. నేను పళ్ళు బిగబట్టి ఇంట్లోనే కూర్చున్నాను. సాయంత్రం చూస్తే అది పెట్టినట్టే ఉంది. వదిన దాన్ని చాలాసేపు చూసింది. చెయ్యి తనకు తెలియకుండానే నుదుటి మీదికి పోయింది, బొట్టు ఉండే చోటికి. ఆశ తీరి ఉంటుందిలేమ్మా, ఇంక రాడు అన్నాడు పెదకాపు. ఆమె విన్నట్టు లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు అన్నం సరిగా తినలేదని మా అమ్మ ఫోనులో చెప్పింది. ముట్టలేదంటే అర్థం ఏమిటో పాలెంలో పసిబిడ్డకు కూడా తెలుసు. పైగా కర్మ జరిగిన మనిషి తిరిగొచ్చి గుమ్మం తొక్కితే ఇంటికి అరిష్టమని కూడా మా నమ్మకం. బతికి ఉన్నా వాడు ఇంక మా ఇంటికి రాకూడదు. తలుపు మూసింది నేను.

ఆ తరువాతి ఏడు పోయి తాగాను. అప్పటినుంచి ప్రతి ఏడూ తాగుతున్నాను. దూది దాకా తాగి, మడిచి, గుచ్చి వస్తాను. వదిన మనసు కుదుట పడాలనే చేస్తున్నానని చెప్పుకుంటాను. అబద్ధం. ఆ రోజు కోసం ఎదురుచూస్తాను. ఏడాది పొడుగునా ఆ మామిడిపండు ఆవిరి పీలుస్తూ, యావ పుట్టినప్పుడల్లా ఆగు, ఆ తిథి వస్తుంది అని నా నోటికి నచ్చజెబుతాను. నేను సిగరెట్టు మానగలిగింది అలాగ. మా అన్న చావు మీద.

ఇంకొకటి. తడ నుంచి చెన్నై ఎంత దూరం? వేప్ కోసం ఎన్నిసార్లో పోయాను. హార్బరు వైపు మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. అన్న ఫోటో ఒకటి నా ఫోనులోనే ఉంది. ఎవరికైనా చూపించి అడగడానికి ఎంతసేపు పడుతుంది? దొరకడేమోనని కాదు నా భయం. దొరుకుతాడేమోనని.

ఈ ఏడు సంగతి చెప్పి ముగిస్తాను. కిందటి నెలలో ఆ తిథి వచ్చింది. ఎప్పటిలాగే తోపు దాటి ఒడ్డుకు పోయాను. సిగరెట్టు లేదు. ఆకు పక్కన పీక ఉంది, మడిచి, ఇసుకలో గుచ్చి. సన్నగా పొగ వస్తూనే ఉంది. ఒడ్డు ఇటు చివర నుంచి అటు చివర దాకా ఖాళీ.

నాకు మొట్టమొదట ఏం కలిగిందో చెప్పనా? భయం కాదు. కోపం. నా సిగరెట్టు ఎవడు తాగాడు అని. ఏడాదంతా ఎదురుచూసిన నోరు అలా అనుకుంది. ఆ తర్వాతే భయం. అన్నా అని పిలిచాను. తోపులో సరుగుడు ఆకుల చప్పుడు తప్ప ఏమీ లేదు. నీళ్ళ వైపు చూసి ఒకసారి, తోపు వైపు చూసి ఒకసారి పిలిచాను. ఎటు చూసి పిలవాలో కూడా నాకు తెలీదు. చచ్చినవాడు నీళ్ళలోంచి వస్తాడు. బతికినవాడు రోడ్డు మీంచి తోపులో పడి వస్తాడు.

సాయంత్రం వదిన ఆ పీకను అరచేతిలో పెట్టుకుంది. “ఈసారి సగమే తాగినాడు అబ్బయ్యా,” అంది. “ఉన్నప్పుడు అట్నే గదా, సగం తాగి మడిచేటోడు. పోయినాక దూది దాకా తాగతా ఉంటే, ఆడ దొరకవేమోలే పాపం అనుకుంటా వచ్చినా.” ఆ మాట నాకు ఎన్నడూ తట్టలేదు. మా అన్న సగమే తాగేవాడు. దూది దాకా తాగేది నేను.

చచ్చినవాడే వచ్చి తాగి ఉంటే, నేను ఆమెకు చెప్పిన అబద్ధం నిజమయింది, నా బుద్ధి మాత్రం మారలేదు. బతికినవాడు వచ్చి తాగి ఉంటే, తన ఫోటోకు దండ వేసి ఉండగా గుమ్మం తొక్కలేక, తన ఆకు పక్కనే కూర్చుని, సగం తాగి, వెళ్ళిపోయాడు. ఏది నిజమో చెప్పగలిగే రుజువు ఒకప్పుడు సముద్రం దగ్గర ఉండేది. దాన్ని నేను తాగేశాను.

వదినకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాట ఇవ్వను, నా ఒట్ల సంగతి మీరు విన్నారు గదా. నన్ను క్షమించమని కూడా అడగను, క్షమించాల్సింది మీరు కాదు. తాగింది నేను. మడిచింది నేను. అన్నే వదినా అన్నది నేను. ఇన్నేళ్ళలో ఈ మూడు మాటలూ ఒకచోట చెప్పడం ఇదే మొదటిసారి.

ఇది రాస్తున్నంతసేపూ నా నోరు ఏమీ అడగలేదు.