బోర్డు దాకా మదీనా

మదీనాకు వెళ్ళే రోడ్డు నాకు కొట్టినపిండి. జెద్దాలో యాత్రికులను ఎక్కించుకుని బయలుదేరాక గాలి ఎక్కడ బస్సును పక్కకు నెడుతుందో, ఏ బంకులో చాయ్ నోట పెట్టలేమో ఇప్పటికీ కళ్ళు మూసుకుని చెప్పగలను. ఆ ఊరిని మాత్రం నేను చూడలేదు. ఊరు ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు మీద ఒక పెద్ద బోర్డు ఉండేది. దాన్ని దాటి ముస్లింలు మాత్రమే వెళ్ళాలి. ఇప్పుడు ఆ నియమం కొంత సడలిందంటున్నారు. నేను అక్కడ బస్సు నడిపిన ఏడేళ్ళూ సడలలేదు.

అందుకని బోర్డుకు ముందున్న బంకులో నేను స్టీరింగు వదిలి దిగిపోయేవాణ్ణి. నా జోడీ డ్రైవరు ఎక్కేవాడు. అతనిది జగిత్యాల దగ్గర మా పక్క ఊరే. నాకంటే రెండేళ్ళు పెద్ద, నేను భాయ్ అని పిలిచేవాణ్ణి. జెద్దాలో ఇద్దరిదీ ఒకే గది, ఒకే కుక్కరు. భాయ్ యాత్రికులను దింపి, మసీదులో నమాజు చదువుకుని, మర్నాడు ఖాళీ బస్సుతో తిరిగి వచ్చేదాకా నేను బంకు వెనక గదిలో పడి ఉండేవాణ్ణి. రాగానే కబుర్లు మొదలు. చరిత్ర చెప్పమంటే నిన్నో మొన్నో తన కళ్ళెదుటే జరిగినట్టు చెప్పేవాడు.

మక్కాలో బతకనివ్వకపోతే ప్రవక్త ఎడారి దాటి ఆ ఊరికి వచ్చారట. అప్పుడు ఊరి పేరు యస్రిబ్. మా ఇంట్లో దిగండంటే మా ఇంట్లో దిగండని ఊరివాళ్ళు ఒంటె తాడు పట్టుకున్నారట. ఎవరికి సరే అంటే ఎవరికి కోపమో! ఒంటెను వదిలెయ్యండి, ఎక్కడ ఆగాలో దానికి ఆజ్ఞ ఉంది అన్నారట ప్రవక్త. అది వెళ్ళి ఖర్జూరాలు ఆరబోసే ఒక ఖాళీ జాగాలో కూర్చుంది. అక్కడే మట్టి ఇటుకలతో, ఖర్జూరపు దుంగలతో మసీదు కట్టారు. ఈ రోజు లోకమంతా వచ్చి నిలబడే మసీదు అదే. పక్కనే తన గదిలో ప్రవక్త కన్నుమూస్తే అదే గదిలో సమాధి చేశారు. మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ళను ఊరివాళ్ళు తలా ఒకరిని తోబుట్టువుగా ఇంటికి తీసుకుపోయి ఉన్నదాంట్లో సగం ఇచ్చారట. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి భాయ్ నా కంచంలో కూర తీసుకునేవాడు. నేను మక్కావాణ్ణి, నువ్వు మదీనావాడివి, సగం నాదే అనేవాడు.

ఆ ఊళ్ళో చావు వస్తే అదృష్టమని కూడా అనేవాడు. ముందు నీ పిల్లల ఫీజులు కట్టి అప్పుడు చావు అని నేను తిట్టేవాణ్ణి.

ఒక ట్రిప్పులో భాయ్ తిరిగి రాలేదు. కంపెనీ సూపర్‌వైజరు ఫోన్ చేసి, మదీనాలో డ్రైవర్ల గదిలో నిద్రలోనే గుండె ఆగిపోయిందని చెప్పాడు. ఇండియాకు పంపాలంటే కాగితాలకే రెండు మూడు నెలలు పట్టవచ్చు, ఇంటివాళ్ళు సరేనంటే రేపే అక్కడ ఖననం చేస్తాం, కనుక్కుని చెప్పు అన్నాడు. భాయ్ భార్యకు ఆ కబురు నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది. చాలాసేపు ఏడ్చి ఆమె ఒకే ఒక్కటి అడిగింది.

"అన్నా, మట్టి నువ్వు ఇస్తవా?"

సమాధిలో దించాక వచ్చినవాళ్ళు తలా మూడు దోసిళ్ళ మట్టి వేస్తారు. అందులో అయినవాళ్ళ చెయ్యి ఒక్కటైనా ఉండాలని ఆమె ఆశ. బోర్డు సంగతి నా నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె వద్దంటుంది, మనిషి నెలల తరబడి మార్చురీలో ఉంటాడు అనుకున్నాను. "ఇస్త చెల్లె" అన్నాను. ఆ మాట మీదే ఆమె సరే అంది. నేను వెళ్ళలేదు, వెళ్ళలేను కూడా. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, ఇచ్చానని చెప్పాను. మొదటిది నోరు జారడమని సరిపెట్టుకోవచ్చేమో. రెండోది పచ్చి అబద్ధం.

ఇప్పుడు నేను ఆక్లాండ్‌లో, మనురేవాలో ఉంటూ సిటీ బస్సు నడుపుతున్నాను. ఇక్కడ నన్ను ఆపే బోర్డులేమీ లేవు, రోడ్డు పనుల నారింజ కోన్లు తప్ప. దిగే ప్రతి మనిషీ థాంక్యూ డ్రైవర్ అని దిగుతాడు. మొదట్లో ఎందుకంటున్నారో అర్థం కాక వెనక్కి తిరిగి చూసేవాణ్ణి.

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం, రెండు షిఫ్టుల మధ్య డిపోలో అన్నం తింటుంటే భాయ్ భార్య నుంచి ఫోన్ వచ్చింది. పండగలకు తప్ప చేయదు. గొంతు సంతోషంగా ఉంది. తమ్ముడు ఉమ్రా యాత్రకు తీసుకుపోతున్నాడట, మక్కా అయ్యాక మదీనాలో వారం రోజులు ఉంటారట.

"ఆయన యాడ ఉన్నడో జర చెప్పన్నా. మట్టి ఇచ్చినోనివి, నీకు ఎరుకుంటది గదా."

చాలా ఏళ్ళయింది, గుర్తు చేసుకుని చెబుతానని ఫోన్ పెట్టేశాను. గుర్తు చేసుకోవడమట, నా మొహం.

మా వీధి చివర హలాల్ మాంసం కొట్టు నడిపే పెద్దాయనది నిజామాబాద్. హజ్ చేసి వచ్చినవాడు. సాయంత్రం చికెన్ కోసం వెళ్ళినట్టు వెళ్ళి, మదీనాలో శ్మశానం ఎలా ఉంటుంది సాబ్ అని ఊరికే అడిగినట్టు అడిగాను. చెట్టో, గేటో, గుర్తు చెప్పుకోవడానికి ఏదో ఒకటి దొరకకపోతుందా అని. అంటే ఇంకో అబద్ధానికి సరుకు ఏరుకోవడానికి వెళ్ళాను. సిగ్గు లేని పని.

ఆయన కత్తి తుడిచి పక్కన పెట్టి చెప్పాడు. దాన్ని బఖీ అంటారు. మసీదు పక్కనే. ప్రవక్త బిడ్డలు, భార్యలు, ఆయన వెంట నడిచినవాళ్ళు ఎందరో అక్కడే ఉన్నారు. ఎవరికీ పేరు లేదు, పలక లేదు. ఎంతటివారికైనా తల దగ్గర ఒక మామూలు రాయి, అంతే. నమాజు అయిన ప్రతిసారీ, పోయినవాళ్ళున్నారని ఇమాము చెబుతాడు. ఎవరో ఏ దేశమో తెలియకుండానే మసీదంతా నిలబడి వాళ్ళ కోసం ప్రార్థిస్తుంది. తర్వాత పాడెకు భుజం పట్టడానికి జనం పరిగెత్తుతారు, మట్టి ఇవ్వడానికి ఒకరినొకరు తోసుకుంటారు.

"ఆడ దిక్కులేనోడని ఎవ్వడుండడు" అన్నాడు.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆడవాళ్ళు వెళితే చూపిస్తారా అని అడిగాను. ఆడవాళ్ళను లోపలికి రానివ్వరని, గోడ బయట నిలబడి ప్రార్థించుకోవలసిందేనని చెప్పాడు. నేను అక్కడ లేని చెట్టొకటి చెప్పి ఉంటే ఆమె ఆ గోడ బయట నిలబడి దానికోసం వెతుక్కుంటూ ఉండేది. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన చికెన్ కొడుతూ, నీవాళ్ళు ఎవరున్నారక్కడ అని అడిగాడు. అంతా చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను.

"ఇదంత ఆమెకు చెప్పినవా మరి?" అన్నాడు. అంతే.

మర్నాడు అదే వేళకు ఫోన్ చేసి చెప్పేశాను. బోర్డు సంగతి, వెళ్ళకపోవడం, తర్వాత ఆడిన అబద్ధం. అవతల కుక్కరు కూత వేసి ఆగింది.

"పోలేనని అప్పుడే చెప్తే నేను ఒప్పుకోకపోతుంటి. మూడు నెలలైనా ఎదురు చూస్తుంటి. ఆయన మొఖం ఒక్కసారి చూసుకుంటుంటి."

కొట్టు పెద్దాయన చెప్పినదంతా గడగడా అప్పజెప్పాను. మసీదు మొత్తం ప్రార్థించింది, ఎంతోమంది మట్టి ఇచ్చారు, అలాంటి చావు ఎవరికి దొరుకుతుంది అన్నాను. ఆమె చివరిదాకా విన్నది.

"అవన్ని నాకు ఎరుకనే అన్నా. నేను అడిగింది వాళ్లను కాదు, నిన్ను."

ఫోన్ పెట్టేసింది. ఆ సాయంత్రం ఒక ముసలామె బెల్లు కొట్టినా వినకుండా ఒక స్టాపు దాటించేశాను. పాపం ఆ ముసలామె వెనక్కి నడుచుకుంటూ పోయింది, దిగేటప్పుడు మాత్రం థాంక్యూ అనడం మానలేదు.

మూడు వారాలు గడిచాయి. మళ్ళీ ఫోన్ చేయడానికి నాకు మొహం చెల్లలేదు. ఒకరోజు పొద్దున డిపోలో అద్దాలు సర్దుకుంటుంటే వాట్సాప్‌లో భాయ్ భార్య వాయిస్ మెసేజ్ వచ్చి ఉంది. వెనక జనం అలికిడి, పావురాల రెక్కల చప్పుడు. ఇంజను ఆపి విన్నాను.

"అన్నా, మదీనల ఉన్న. మమ్ముల లోపటికి రానియ్యలే. గోడ పొంటి నిలబడి ఆయనకు సలాం చెప్పిన. పిల్లల సంగతులన్ని చెప్పిన. నువ్వయితే అడగలే, అయినా నీ సలాం గూడ చెప్పిన. నా కోపమైతే ఇంక పోలే."