సగటు ధర చూసి ఆగమన్నాను

ఇళ్ల ధరలు నిలకడగానే ఉన్నాయి, అమ్ముకునేవాళ్లు కంగారు పడనక్కరలేదు అని మొన్న పొద్దున పేపర్లో చదివి, చేతిలో చాయ్ చల్లారేదాకా అలాగే కూర్చుండిపోయాను. ఇంచుమించు అవే మాటలు, తెలంగాణ ఉద్యమం ఊరూరా ఊపందుకున్న రోజుల్లో, నా నోటితో నేనే మా బావకు చెప్పాను.

అప్పుడు నేను జగిత్యాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాను. కోరుట్ల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాణ్ని, బందునాడు ఏ లారీ దొరికితే ఆ లారీ ఎక్కేవాణ్ని. అమ్ముడైన ఇళ్లకు నెలనెలా పట్టిక కట్టి పైకి పంపడం నా పని. మా ఇంటిల్లిపాదిలో ఆఫీసు కుర్చీ ఎక్కిన మొదటివాణ్ని కనుక చుట్టాలందరికీ నా మాటంటే గురి, నాకూ ఆ గురి అంటే ముచ్చట.

మా బావ సిరిసిల్ల నుంచి వచ్చి జగిత్యాలలో బట్టల దుకాణం పెట్టుకుని, చిన్న ఇల్లు కట్టుకున్నాడు. అక్కకు మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. అమ్మ తనది ఒకటి ఇస్తానంది. ఆపరేషన్‌కు మాత్రం ఇల్లు అమ్మక తప్పదు. కోరుట్ల టీచరొకాయన వచ్చి, బావ అనుకున్నదానికి కొంచెం తక్కువకు అడిగాడు. బావ నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు.

“బామ్మర్దీ, లెక్కలు సూసేటోనివి నువ్వు. గీ ధరకు ఇయ్యాల్నా, ఇంక జర ఆగాల్నా?”

పట్టిక తీసి చూశాను. సగటు ధర కిందటేటి కంటే పైనే ఉంది. బజారులో అందరూ పడిపోయింది పడిపోయింది అంటున్నా, కాగితం అబద్ధమాడదనుకుని, రెండు నెలలు ఆగమన్నాను. బావ నా మాట మీదే టీచరును పంపించేశాడు.

ఆ రెండు నెలల్లో ఒకనాడు, ఆఫీసు వరండాలో దస్తావేజులు రాసే చాచా నా భుజం మీదుగా పట్టికలోకి తొంగిచూసి నవ్వాడు.

“తమ్మీ, సగటు సూస్తున్నవు గని, ఎన్ని దస్తావేజులైనయో సూసినవా? చిన్న ఇల్లు కొనేటోడే లేడాయె. గా రెండు పెద్ద బంగ్లాలే అమ్ముడువోతే సగటు పెరగదా మరి?”

పాత పట్టికలు తీసి పక్కన పెట్టి చూస్తే, నాలుగు పేజీలు వచ్చేది ఒక పేజీకి దిగింది. బావ ఇంటివంటి ఇల్లు అందులో ఒక్కటీ లేదు. ఆ సాయంత్రమే కోరుట్లలో టీచరు ఇంటికి పరుగెత్తితే, రాష్ట్రం సంగతి తేలేదాకా ఏదీ కొననన్నాడు. ఆ తర్వాత నేనూ బావా గుమ్మం గుమ్మం తిరిగాం. రాస్తారోకో అయితే బస్సు దిగి మైళ్లు నడిచాం. వారం వారం ఇంటి ధర దిగుతోంది, అక్క కాళ్ల వాపు పైకెక్కుతోంది. దొరికినవాడి గడ్డం పట్టుకుని బతిమాలి, టీచరు ఇస్తానన్నదాంట్లో సగానికి కొంచెం మించి వస్తే అమ్మేశాం. అక్కను హైదరాబాదు తీసుకుపోయేసరికి, గుండె బలహీనపడింది, ఇక ఆపరేషన్ తట్టుకోలేదన్నారు డాక్టర్లు.

పట్టిక నేను సరిగా చూడక ఆగమన్న సంగతి అక్కకు నేనే చెప్పాను. ఆమె బావ వైపు తిరిగింది.

“వాన్ని ఏమనకుండ్రి. మన మంచికే చెప్పిండు.”

ఆ వానాకాలం దాటకుండానే పోయింది.

రాష్ట్రం వచ్చింది, జగిత్యాల జిల్లా అయింది, సిరిసిల్లా జిల్లా అయింది, ఆనాడు ఎవరూ అడగని గల్లీల్లో ఇప్పుడు గజం జాగా కొనే శక్తి మావంటివాళ్లకు లేదు. బావ సిరిసిల్లలో కిరాయింట్లో ఉంటున్నాడు. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు, పైగా చిన్న పని చేయాలన్నా ఫోన్ చేసి, నువ్వేమంటవు బామ్మర్దీ అని అడుగుతాడు. అలా ఒకరి మాట మీద ఇంటి అమ్మకం ఆపుకునే మనుషులు ఇప్పుడు లేరు, లేకపోవడమే మంచిదేమో. బావ అడిగినప్పుడల్లా, ముందు బజారులో నలుగురిని అడగమంటాను.