మామ మతికి కంప్యూటర్ సాక్ష్యం

నా తలలో మెదడుందని మా అయ్యవారు ఏడో తరగతి దాకా నమ్మి, ఆపైన ఆశ వదులుకున్నాడు. అలాంటి తల పెట్టుకుని నేను మా మామ మెదడుకు పరీక్ష పెట్టించాను. శత్రువులు ఏళ్ల తరబడి చేయలేని పని అల్లుడు ఒక్క పూటలో ఎలా చేశాడో వినండి.

అప్పట్లో ప్రొద్దుటూరులో జీపు తోలేవాణ్ణి. వయసు పైబడితే మతిమరుపు ఎలా మొదలవుతుందో కంప్యూటర్‌తో పరిశీలించడానికి కోస్తా నుంచి వచ్చిన డాక్టరమ్మ నా జీపు మాట్లాడుకుంది. ల్యాప్‌టాప్ ఒక చిన్న కథ వినిపిస్తుంది. కాసేపాగి పెద్దవాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. ఎంత చెబితే అంత మతి. ఆమె యాస మావాళ్లకు ఎక్కడం లేదని, కథను నా గొంతుతో రికార్డు చేయించింది.

సరిగ్గా అప్పుడే జమ్మలమడుగు పక్క పల్లెలో మా మామను సర్పంచిగా నిలబెట్టాలని ఆయన పార్టీవాళ్లు అనుకుంటున్నారు. ఎదుటి పార్టీ ఊరుకుంటుందా? "ముసలాయనకు మతి తప్పింది" అని పుకారు లేపింది. సొంతవాళ్లు కూడా తటపటాయించసాగారు.

"మామా, నీ మతి బాగుందని కంప్యూటర్‌తో చెప్పిస్తా. అదేమన్నా మనిషా, పార్టీ మారేకి?" అన్నాను.

"నీకు పనీ పాటా లేదాప్పా?" అంటూనే వచ్చాడు పాపం. కలిసిరాని కాలానికి జీపెక్కి వచ్చే అల్లుడంటే నేనే.

బడి వరండాలో రెండు పార్టీలూ చేరాయి. అసలు కథలో ఒకామె సంతలో వంకాయలు కొని చెల్లెలింటికి పోతుంది, అంతే. ఆ చప్పిడి కథకు రికార్డు చేసేటప్పుడే నేను కాస్త తాలింపు వేశాను, వినేవాళ్లకు బాగుంటుందని డాక్టరమ్మా సరేనంది. ల్యాప్‌టాప్‌లోంచి నా గొంతు పలికింది:

"బేస్తవారం తెల్లారుజామున పులివెందుల బస్టాండులో ఒకాయన దిగినాడు. చేతిలో బరువైన సంచి. ఇద్దరు ఎదురొచ్చినారు. సంచిని జీపులో పెట్టుకోని గండికోట దిక్కు పోయినారు."

సంచిలో ఉన్నవి వంకాయలే. ఆ ముక్క చెప్పడం మరిచాను. మతిమరుపు పరీక్షలో!

ఫ్యాక్షన్ ఇంకా చల్లారని రోజులవి. జీపూ, సంచీ, తెల్లారుజామూ కలిస్తే లోపల నాటుబాంబులే. చూశానన్నవాడు కోర్టుకైనా పోవాలి, ఊరైనా విడవాలి.

"పెద్దాయనా, బస్సు ఎవరు దిగారండీ?" డాక్టరమ్మ అడిగింది.

"నాకేం తెల్దమ్మా."

"చేతిలో ఏముందో గుర్తుందాండీ?"

"నేనా పొద్దు ఊర్లోనే లేను. చక్రాయపేటలో పెండ్లికి పోయింటి."

"మామా, అది ఉత్త కథ!" అరిచాను.

"పోలీసోళ్లూ మొదట అట్లే అంటారప్పా."

తెర మీద సున్నా, కోడిగుడ్డంత. ఎదుటి పార్టీవాడొకడు ఎగిరి గంతేశాడు. "చూస్తిరా! మతి శానా పోయింది!"

మామ నెమ్మదిగా వాడివైపు తిరిగాడు. "నీకు బాగుంది గదా. నువ్వు చెప్పబ్బా, ఆ బస్సు దిగినోడెవరు?"

వాడు "నేను... ఇప్పుడే వస్తి" అని వరండా దిగి పోయాడు. వాడి వెనకే వాడి పార్టీ.

మామ పార్టీ పెద్ద మీసం దువ్వాడు. "ఇంత విని ఏమీ వినలేదన్నాడు సూడు. ఇట్లాంటోడు గాక మనకింకెవరు కావాల? రేపే నామినేషన్!"

డాక్టరమ్మ మాత్రం నా గొంతును ల్యాప్‌టాప్‌లోంచి అక్కడికక్కడే తుడిచేసింది.

తిరుగు దారిలో జీపులో మామ కథంతా అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు, మధ్యలో నేను దగ్గిన దగ్గుతో సహా. వంకాయల సంగతి అప్పుడు చెప్పాను. ఇకపై ఎవరి మెదడు జోలికీ పోననీ, వంకాయల కథలోంచి వంకాయలు తీయననీ, గండి ఆంజనేయస్వామి మీద ఒట్టేశాను.

మామ నన్ను కిందికీ పైకీ చూశాడు.

"మతి లేనోళ్లను కనిపెట్టే మిషనంటివి గదప్పా. నీ గొంతు పట్టుకున్న పొద్దే కనిపెట్టకపాయె!"