రాగిణి గారి పదిహేడో స్థానం

పై అధికారికి ఏది ఇష్టమైతే అది జగన్మోహన్‌కి చిన్నప్పటి నుంచీ ఇష్టం. బాతెల్‌లోని బయోటెక్ కంపెనీలో చేరిన పదకొండేళ్లలో అతని పైన ముగ్గురు డైరెక్టర్లు మారారు. మొదటాయన ఇంట్లోనే బీరు తయారుచేసేవాడు. బీరు వాసనకే తల తిరిగే జగన్మోహన్, ఆయన గరాజ్‌లో నిలబడి మూడు గ్లాసులు తాగి మర్నాడు మధ్యాహ్నం దాకా మంచం దిగలేదు. రెండో ఆవిడ తేనెటీగలు పెంచేది. రెప్ప మీద ఓ తేనెటీగ కుట్టి కన్ను బూరెలా వాచినా, సోమవారం మీటింగులో కెమెరా ఆన్ చేసి "అమేజింగ్ ఎక్స్‌పీరియన్స్" అన్నాడు. మూడో ఆయనకి గోల్ఫ్ పిచ్చి. ఆ రెండేళ్లూ జగన్మోహన్ ప్రతి ఆదివారం ఆయన బంతులు వెతికిపెట్టాడు.

అతన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. గ్రీన్‌కార్డు వరసలో అతని ముందు ఎన్ని లక్షల మంది ఉన్నారో అతనికే తెలియదు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదా దేశం వదిలిపోవాలి. అందుకే అందరూ స్టాక్ మార్కెట్‌ను చూసినట్టు అతను డైరెక్టర్ ముఖం చూస్తాడు. కాకపోతే అందరూ భయపడతారు, అతనంత కష్టపడి భయపడేవాళ్లు మాత్రం తక్కువ.

ఒక అక్టోబరులో నాలుగో డైరెక్టరు వచ్చింది. పేరు రాగ్న్‌హిల్డ్. నార్వే మనిషి. నలభై ఎనిమిదేళ్లు, పొడుగు, ఎండకి కందిన బుగ్గలు. ఆమె పేరు తెలుగువాళ్లెవరికీ నోరు తిరగలేదు. వారం తిరక్కుండా కాంటీన్ తెలుగు బల్ల దగ్గర ఆమె "రాగిణి గారు" అయిపోయింది.

జగన్మోహన్ ఆ రోజే ఆమె పేరు ఇంటర్నెట్‌లో వెతికాడు. నార్వే భాషలో ఏవో పేజీలు, మంచులో కర్రలు పట్టుకుని పరిగెడుతున్న ఆడవాళ్ల పాత ఫోటోలు, పొడుగాటి ఫలితాల పట్టికలు కనిపించాయి. ఆమె క్రాస్ కంట్రీ స్కీ పోటీల మనిషి. అతనికి అంతకంటే అవసరం లేదు. తెలుగు సంఘం అధ్యక్షుడు శేషగిరికి అప్పటికప్పుడే ఫోన్ చేశాడు.

"మా కొత్త డైరెక్టర్ ఒలింపిక్ చాంపియన్ అండీ."

"అబ్బో! ఏ గేమండీ?"

"మంచు మీద పరిగెత్తే గేమ్."

తర్వాతి వారం ఆమె గదిలో మాటల మధ్య, "నేను కూడా స్కీయింగ్ చేస్తాను" అన్నాడు. రాగ్న్‌హిల్డ్ ముఖం విప్పారింది.

"క్లాసికా, స్కేటా?" అని అడిగింది.

అందులో రెండు రకాలుంటాయని జగన్మోహన్‌కి ఆ క్షణం దాకా తెలియదు. "రెండూ" అన్నాడు.

"అయితే మంచు పడగానే వెళదాం."

ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే భార్య రేణు ఉల్లిపాయలు తరగడం ఆపి అతనికేసి చూసింది. ఆమెది కరీంనగర్. అబద్ధం ఆమె దగ్గర నిలవదు.

"నువ్వు మన డ్రైవ్‌వే మీద ఐస్ ఉంటేనే నా చెయ్యి పట్టుకొని నడుస్తవ్. నువ్వు స్కీయింగ్ చేస్తవా?"

"యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటానే. ఏముంది అందులో, జారడమేగా?"

డిసెంబరు మొదటి శనివారం స్నోక్వాల్మీ కనుమలో అద్దె స్కీలు కట్టుకుని నిలబడ్డాక, ఏముందో తెలిసింది. కాలి వేళ్లు మాత్రమే పలకకి అతుక్కుని ఉంటాయి, మడమ గాలిలో లేస్తుంది. ముందుకి అడుగేస్తే పలక వెనక్కి పోయింది. వెనక్కి వంగితే మనిషి మొత్తం పోయాడు. మొదటి అరగంటలో పదకొండుసార్లు పడ్డాడు. ఒకసారైతే ఊరికే నిలబడి ఉండగా పడ్డాడు.

అతను అబద్ధం ఆడాడని రాగ్న్‌హిల్డ్‌కి మొదటి నిమిషంలోనే తెలిసిపోయింది. "ముందు లేవడం నేర్చుకో. మా ఊళ్లో మూడేళ్ల పిల్లలకి మొదట నేర్పేది అదే" అంది. మోకాళ్ల మీదికి ఎలా తిరగాలో, పలకల్ని పక్కపక్కనే ఎలా పెట్టుకోవాలో ఓపిగ్గా చూపించింది. మూడేళ్ల పిల్లల మాట జగన్మోహన్‌కి మంచు కంటే చల్లగా తగిలింది.

మధ్యాహ్నం బల్ల మీద కూర్చుని ఫ్లాస్కులో సూప్ తాగుతూ ఆమె తన కథ చెప్పింది. నిజానికి అతను అడిగింది ఒకే ప్రశ్న: "మీకెన్ని మెడల్స్ వచ్చాయి?"

"ఒక్కటీ రాలేదు" అంది.

ఆరో ఏట పోటీల్లోకి దిగిందట. పదహారో ఏట ఇల్లు వదిలి స్కీ బడిలో చేరింది. పదేళ్ల పాటు ఏడాదికి ఏడువందల గంటల సాధన. ఎండాకాలంలో మంచుండదు కాబట్టి తారు రోడ్డు మీద చక్రాల స్కీలు. జిల్లా పోటీల్లో గెలిస్తే వెండి చెంచాలిచ్చేవారు. అలాంటివి పద్దెనిమిది ఉన్నాయి. ప్రపంచ కప్పులో పదకొండు రేసులు పరిగెత్తింది. అన్నిటికంటే మంచి ఫలితం, ఒక ముప్పై కిలోమీటర్ల రేసులో పదిహేడో స్థానం. ఒలింపిక్స్‌కి ఆ దూరంలో నార్వే నుంచి నలుగురికే చోటు. ఆమె అయిదోది.

"నాలుగో అమ్మాయికి జలుబు చేస్తుందేమోనని మూడు వారాలు ఎదురుచూశాను. దానికి తుమ్ము కూడా రాలేదు" అని నవ్వింది. ఇరవై ఎనిమిదో ఏట మానేసి కాలేజీలో చేరిందట.

జగన్మోహన్ సూప్ కప్పు పట్టుకుని "గ్రేట్ జర్నీ" అన్నాడు. లోపల మాత్రం ఎవరో తనని మోసం చేసినట్టనిపించింది. ఇన్ని దెబ్బలూ తిన్నది పదిహేడో స్థానం మనిషి కోసమా? పైగా శేషగిరికి చాంపియన్ అని చెప్పేశాడే!

ఆ మాట సరిదిద్దుకోవడానికి అతనికి మూడు నెలల సమయం దొరికింది. సరిదిద్దుకోలేదు. ఉగాదికి హైస్కూల్ ఆడిటోరియంలో సంఘం వేడుక. కరపత్రం మీద "ముఖ్య అతిథి: ఒలింపిక్ విజేత శ్రీమతి రాగిణి" అని పడింది. పిల్లలకి స్కీయింగ్ గురించి నాలుగు మాటలు చెప్పాలేమో అనుకుని రాగ్న్‌హిల్డ్ వచ్చింది. పూర్ణకుంభం ఎదురొచ్చేసరికి కంగారుపడి దాన్ని రెండు చేతులా అందుకుని, ఎక్కడ దించాలో తెలియక స్టేజీ దాకా మోసుకెళ్లింది.

శాలువా కప్పాక మైకు అందుకుని ఆమె ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పింది. "నేను ఒలింపిక్స్‌కి వెళ్లలేదు. నలుగురు వెళ్లారు, నేను అయిదోదాన్ని. ప్రపంచ కప్పులో నాకొచ్చిన మంచి స్థానం పదిహేడు."

శేషగిరి మైకు తీసుకుని తెలుగు చేశాడు. "విన్నారుగా! మేడమ్ గారు పదిహేడు పతకాలు సాధించారు! ఎంత నిరాడంబరంగా చెప్పారో చూశారా? మన పిల్లలు నేర్చుకోవాలి!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఇంగ్లీషు బాగా తెలిసిన మూడువందల మంది ఇంజినీర్లు, ఆమె చెప్పింది చెవులారా విని కూడా, శేషగిరి చెప్పినదానికే చప్పట్లు కొట్టారు. పదిహేడో స్థానానికి శాలువా కప్పామని ఒప్పుకోవడం ఎవరికి మాత్రం ఇష్టం?

రాగ్న్‌హిల్డ్ వచ్చి మొదటి వరసలో కూర్చుని, "ఏమని చెప్పాడు?" అని జగన్మోహన్‌ని అడిగింది.

"మీరన్నదే చెప్పాడు. ఎగ్జాక్ట్‌గా."

అవతలి పక్కనున్న రేణు ముందుకి వంగింది. "కాదు మేడమ్. మీకు పదిహేడు మెడల్స్ వచ్చినయని చెప్పిండు" అని ఇంగ్లీషులో కుండబద్దలు కొట్టింది.

రాగ్న్‌హిల్డ్ శాలువాలో ముఖం దాచుకుని భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వయ్యాక కళ్లు తుడుచుకుని అతనికేసి తిరిగింది. "ఒకటి అడుగుతాను జగన్. ఆ రోజు ప్రపంచం మొత్తంలో నాకంటే ముందున్నది పదహారు మంది. అది మీకెందుకు చాలలేదు?"

ఎంసెట్‌లో జగన్మోహన్ ర్యాంకు ఇరవై మూడు వేల నాలుగు వందల పదిహేడు. చివరి అంకె మింగేసి, రెండు వేల మూడు వందల నలభై ఒకటని పాతికేళ్లకి పైగా చెప్పుకుంటున్నాడు. పెళ్లిచూపుల్లో మామగారికీ అలాగే చెప్పాడు. పదహారు మంది వెనక ఉండడమంటే ఎలా ఉంటుందో అతను ఊహించుకోలేకపోయాడు.

అంత జరిగినా ఆమె కోపం పెట్టుకోలేదు. మళ్లీ చలికాలం రాగానే శనివారాలు మొదలయ్యాయి. ఇప్పుడతను గంటకి రెండుసార్లే పడుతున్నాడు. వాలులో కాసేపు గాలి చెవుల్లో మోగితే, తన పక్కన ఉన్నది డైరెక్టరన్న సంగతి మరిచిపోయేవాడు. అది గుర్తొచ్చినప్పుడల్లా ఉలిక్కిపడి, "సూపర్ టెక్నిక్ మేడమ్" అని వెనకనుంచి అరిచేవాడు. ఫిబ్రవరిలో మెథౌ లోయలో జరిగే ముప్పై కిలోమీటర్ల రేసుకి ఆమె ఇద్దరి పేర్లూ నమోదు చేసింది.

జనవరిలో కంపెనీ మనుషుల్ని తగ్గించింది. పోయినవాళ్లలో రాగ్న్‌హిల్డ్ ఒకరు. జగన్మోహన్ మిగిలాడు. ఆమె తన పెట్టె సర్దుకుంటుంటే అతను తన సీట్లోంచి లేవలేదు, ఏదో కాల్‌లో ఉన్నట్టు హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చున్నాడు. అవతల ఎవరూ లేరు.

వారంలో అయిదో డైరెక్టరు దిగాడు. ముప్పై ఆరేళ్ల కుర్రాడు. అతని పిచ్చి పికిల్‌బాల్, చిన్న చెక్క బ్యాటుతో నెట్టు మీదుగా ప్లాస్టిక్ బంతి కొట్టే ఆట. రేసు ఉన్న శనివారమే టీమ్ అందరినీ ఆటకి పిలిచాడు.

శుక్రవారం మధ్యాహ్నం జగన్మోహన్ ఫోన్ తీసి రాగ్న్‌హిల్డ్‌కి మెసేజ్ పెట్టాడు: "ఫ్యామిలీ ఎమర్జెన్సీ. వైఫ్ హాస్పిటల్‌లో ఉంది. వెరీ సారీ." ప్రార్థిస్తున్న చేతుల బొమ్మ కూడా జత చేశాడు.

శనివారం పొద్దున కోర్టు దగ్గరికి వెళితే, టీమ్‌లోని మరో అయిదుగురు మగవాళ్లు అప్పటికే ఉన్నారు. అందరి కాళ్లకీ కొత్త బూట్లే. ఆట మొదలైంది. డైరెక్టరు కొడితే ఎవరి చెయ్యీ బంతి దాకా చేరదు, చేరినా బంతి నెట్టుకే తగులుతుంది. పిల్లల తండ్రులు, తలలు నెరిసినవాళ్లు, ఒకరితో ఒకరు పోటీపడి ఓడిపోతున్నారు. ఆ పోటీలో కూడా జగన్మోహన్‌కి మూడో స్థానమే వచ్చింది. అతని కంటే ఘోరంగా ఓడినవాళ్లు ఇద్దరున్నారు.

ఇంటికి వచ్చేసరికి రేణు బెండకాయల సంచీ కూడా దించకుండా తలుపు దగ్గరే నిలబడి ఉంది.

"నన్ను ఏ వార్డుల వెట్టినవ్?" అని అడిగింది.

"ఏంటే?"

"రాగిణి మేడమ్ ఫోన్ చేసింది, రేస్ స్టార్టింగ్ లైన్ కాడికెల్లి. నీకెట్లుంది, ఏ హాస్పిటల్, నేను రిటర్న్ రావాల్నా అని అడిగింది. నేను బెండకాయలు ఏరుతున్న. ఏం చెప్పాలె?"

"ఏం చెప్పావు?"

"ఉన్నది చెప్పిన. నాకేం కాలే, మా ఆయన పికిల్‌బాల్‌కి పోయిండని చెప్పిన." ఆమె గొంతు తగ్గింది. "ఉద్యోగం వోయిన మనిషి నా కోసం రేస్ వదిలేస్తనన్నది. నువ్వు ఆమె పెట్టె మొయ్యనీకి కూడ లేవలేదంట గదా."

జగన్మోహన్ గరాజ్‌లోకి వెళ్లి కూర్చున్నాడు. గోల్ఫ్ సంచీ, తేనెటీగల వల టోపీ, బీరు పీపా, అన్నీ అక్కడే ఉన్నాయి. వాటిలో ఒక్కటి కూడా తను కోరి తెచ్చుకున్నది కాదు. శనివారాల కోసం కొన్న స్కీలు కూడా కాదు. కానీ ఆ రోజు ఎండలో నెట్టుకేసి బంతులు కొడుతున్నంతసేపూ, ఈపాటికి పదో కిలోమీటరులో ఉండేవాణ్ణి కదా అని అతనికి అనిపిస్తూనే ఉంది.

ఫోన్ చేయడానికి మూడు వారాలు పట్టింది.

"మేడమ్, ఎమర్జెన్సీ లేదు. నేను..."

"తెలుసు. ఆట ఎవరు గెలిచారు?"

"డైరెక్టర్."

ఆమె నవ్వింది. "శనివారం నేను కనుమకి వెళుతున్నాను. ఇష్టమైతే రా. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకో, నేనిప్పుడు ఎవరి డైరెక్టర్‌నీ కాదు. నా దగ్గర నీకేమీ దొరకదు."

అతను వెళ్లాడు. ఆ రోజు వెనకనుంచి సూపర్ అని అరవడానికి నోరు తెరిచి, ఎందుకో మూసుకున్నాడు. ఇద్దరూ రెండు గంటలు స్కీల మీద తిరిగారు. పడినప్పుడు తనే లేచాడు.

మరుసటి ఫిబ్రవరిలో మెథౌ లోయ రేసుకి ఈసారి తన పేరు తనే నమోదు చేసుకున్నాడు. రేణు నాలుగున్నర గంటలు డ్రైవ్ చేసి తీసుకెళ్లింది. మొదటి పది కిలోమీటర్లూ బానే సాగాయి. పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర పెద్ద ఎక్కుడు వచ్చింది. డెబ్బై ఏళ్ల ముసలావిడ "నువ్వు బాగా చేస్తున్నావు నాయనా" అన్నట్టు ఏదో అంటూ అతన్ని దాటిపోయింది. జగన్మోహన్ దారి పక్కన మంచులో కూలబడి, స్కీలనీ, నార్వేనీ, తననీ పచ్చి భీమవరం తెలుగులో తిట్టుకున్నాడు. తిట్టడం అయిపోయాక చేయడానికి ఇంకేమీ లేక లేచాడు.

నూటపద్నాలుగు మందిలో నూటపన్నెండో స్థానం. మూడు గంటల నలభై ఎనిమిది నిమిషాలు. అతను గీత దాటేసరికి వాళ్లు బ్యానరు సగం విప్పేశారు, కాఫీ అయిపోయింది. ఆడవాళ్లలో నాలుగోదిగా వచ్చిన రాగ్న్‌హిల్డ్ అప్పటికే స్నానం చేసి, బట్టలు మార్చుకుని, రేణు పక్కన కూర్చుని పులిహోర తింటోంది.

అతనికి ఎన్నో స్థానం వచ్చిందని ఆమె అడగలేదు. జరిగి చోటిచ్చి, "ఎక్కడ కష్టమనిపించింది?" అని అడిగింది.

నలభై ఏడేళ్లలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. జగన్మోహన్ చేతులు తిప్పుతూ ఆ పద్దెనిమిదో కిలోమీటరు ఎక్కుడు గురించి మొదలుపెట్టాడు. ఎక్కడ కూలబడ్డాడో, ఎవరిని తిట్టాడో, ముసలావిడ ఎలా దాటిపోయిందో, అన్నీ చెప్పాడు. ఎక్కుడిని మాత్రం ఉన్నదానికంటే రెట్టింపు నిటారుగా చెప్పాడు. రాగ్న్‌హిల్డ్ తల ఊపుతూ వింది. రేణు ఇంకో పళ్లెంలో పులిహోర పెట్టి అతని ముందుకి తోసింది.