పేపరు కింద ఫోను

డిగ్రీలో భాషాశాస్త్రం చదివే ఆ రోజుల్లో, మనుషుల మాటలన్నీ నా చదువు కోసమే పుట్టాయనుకునేవాణ్ణి. ఆ పొగరుతోనే ఒకావిడ మాటల్ని అడక్కుండా ఎత్తుకెళ్ళాను. తప్పు నాదే. ఆవిడ దేశ రాజధానిలో, ద్వారక అనే పేటలో మా ఎదురు ఫ్లాట్ ఆంటీ. భీమవరం వైపు మనిషి, ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో సహజంగా మాట్లాడే మాటలు రికార్డు చేసి తెమ్మన్నారు మా ప్రొఫెసర్. ఆంటీ కబుర్లలో పడితే మా అమ్మ పొయ్యి మీద పాలు మర్చిపోయేది (నేను చదువు మర్చిపోయేవాణ్ణి, దానికి ఎవరి సాయమూ అక్కర్లేదనుకోండి). తీరా ఎదురుగా ఫోను పెడితే, ఆంటీ చీర సర్దుకుని, "దేవుని కృప వలన ఈ మహానగరములో రోగులకు సేవ చేయుచున్నాను" అని మొదలెట్టింది. "మామూలుగా మాట్లాడండి ఆంటీ" అంటే, "మామూలుగానే మాట్లాడుచున్నాను కదా బాబూ!" ఫోను జేబులో పెట్టగానే, "హమ్మయ్య, చెమట్లు పట్టించేశావురా. టీ పెట్టనా?"

మర్నాడు ఆవిడ మా ఇంటికొచ్చే వేళకి ఫోను ఆన్ చేసి పేపరు కింద దాచాను. ఆంటీ అమ్మతో అంటోంది: "మా పాస్టరమ్మ గారి కేకు తినాలంటే సుత్తి కావాలండీ! నేనైతే కొరికినట్టు నటించి బ్యాగులో పడేశాను." అది క్లాసులో వినిపించి, హిందీలో అర్థం కూడా చెప్పి నవ్వించాను. క్లాసులో ఉన్న ఇంకో తెలుగమ్మాయి ఆంటీ వెళ్ళే చర్చిలోనే ఆవిడతోపాటు పాడుతుందని నాకేం తెలుసు? ఆదివారానికి సుత్తి మాట పాస్టరమ్మ గారి దాకా చేరింది.

ఆంటీ చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. తిడుతుందనుకున్నాను. "ఇంత పెద్ద ఊళ్ళో నాకు చుట్టాలన్నా పక్కాలన్నా ఆ చర్చివాళ్ళేరా. ఇవాళ ఆవిడ నాతో మాట్లాడలేదు" అని కళ్ళు తుడుచుకుంది. అంతకన్నా తిట్టినా బాగుండేది.

రికార్డింగు చెరిపేశాను. దాని మార్కులు వదులుకున్నాను. తర్వాత పాస్టరమ్మ గారి దగ్గరికెళ్ళి, దొంగచాటుగా రికార్డు చేసింది నేనేనని చెప్పాను. ఆవిడ, "కేకు మా ఆయన కూడా బ్యాగులోనే వేస్తాడు. మీ ఆంటీని తీసుకుని శనివారం రా. పిండి నువ్వే కలుపు" అన్నారు.

కలిపాను, చేతులు పడిపోయేలా. వెన్న ఎక్కువ వెయ్యాలని ఆంటీ, అక్కర్లేదని పాస్టరమ్మ గారు. "మీరు వినరండీ!" "నువ్వు తినవుగా తల్లీ!" ఇద్దరూ పోట్లాడుకుంటూనే నవ్వేశారు. అంత సహజమైన మాటలు నాలుగేళ్ళ చదువులో మళ్ళీ దొరకలేదు. ఆ రోజు ఫోను ఇంట్లోనే వదిలి వెళ్ళాను.