సరదాకేనండీ నాన్నగారూ

నా చిన్నప్పటికే మా కాలువలో పడవల రాకపోకలు దాదాపు ఆగిపోయాయి. మిగిలింది మా మేనత్త పడవ ఒక్కటే, అదీ ఎప్పుడూ ఎగువకే పోయేది.

మా ఊరు తణుకు దగ్గర. ఊరి చివర లాకులున్నాయి. అక్కడ పైనుంచి పడిన నీరు తెల్లగా నురగ కడుతూ, వంతెన స్తంభాల మధ్యనుంచి దూకుడుగా వచ్చేది. అత్త కాలేజీలో కయాక్ నేర్చుకుంది. ఒక్క మనిషి కాళ్లు చాపుకుని కూర్చునేంత పడవ, చేతిలో రెండు కొసలా రెక్కలున్న తెడ్డు. కాలేజీవాళ్లు వాడేసి పక్కన పెట్టిన పడవనొకదాన్ని అడిగి తెచ్చుకుని, సెలవు దొరికితే చాలు, ఆ నీళ్లకు ఎదురెక్కేది. గట్టు మీద వాళ్లకి అదొక వినోదం. "దిగువకైతే ఊరికే పోద్ది కదమ్మా, ఎందుకమ్మా నీకీ పాట్లు?" అని అడిగేవారు.

రొయ్యల చెరువుల పని చూసుకునే మా తాతయ్య కూడా మొదట్లో అదే అడిగారు. "సరదాకేనండీ నాన్నగారూ" అంది అత్త. ఆయన కోపిష్టి మనిషి కారు. కూతురు సరదా పడితే కాదనడానికి ఆయనకి నోరు రాలేదు. ఆ తర్వాత ఎవరేం అన్నా "సరదాకేలెండి, పోనివ్వండి" అని ఆయనే సర్దిచెప్పేవారు.

ఒక ఆదివారం అత్త నాకు లైఫ్ జాకెట్ తొడిగి ఆ పడవలో కూర్చోబెట్టింది. పడవకి తాడు కట్టి, కొస తను పట్టుకుని గట్టు వెంట నడిచింది. నేను నడి కాలువలో బలమంతా పెట్టి తెడ్డు వేశాను. పడవ గిర్రున తిరిగి, నన్ను బయల్దేరిన చోటికే తెచ్చి పడేసింది. నాకు ఏడుపొచ్చేసింది. "నీళ్లతో పోట్లాడకే. ఆ స్తంభం వెనక్కి పో, అక్కడ నీళ్లు వెనక్కి తిరుగుతాయి. కాసేపు ఊపిరి పీల్చుకుని, అప్పుడు ఇంకో స్తంభం దగ్గరికి పో" అంది. నిజంగానే స్తంభం చాటున నీళ్లే నన్ను మెల్లగా పైకి తోశాయి. అలా ఆగుతూ ఆగుతూ వంతెన కిందికి చేరుకున్నాను. ఆ సంతోషంలో, "అత్తా, భలే సరదాగా ఉంది కదూ" అన్నాను.

అత్త తాడు చుట్టుకుంటూ, "నాకు సరదా కాదే. నాకు ఇదే కావాలి" అంది. ఉత్తరాది కొండల్లో నదులున్నాయని, అక్కడ కయాక్ నేర్పే రెండు నెలల క్యాంపుకి తనని రమ్మన్నారని, బాగా చేస్తే జట్టులోకి తీసుకుంటారని చెప్పింది. చెబుతూ చెబుతూ, చుట్టిన తాడునే విప్పి మళ్లీ చుట్టింది.

ఆ సాయంత్రం తాతయ్య చెరువుల దగ్గర్నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే, అత్త తువ్వాలు అందిస్తూ క్యాంపు సంగతి చెప్పి, "వెళ్లమంటారాండి?" అని అడిగింది. తాతయ్య నిజంగానే ఆశ్చర్యపోయారు.

"సరదాకి అంత దూరం ఎందుకమ్మా? మన కాలువ లేదూ?"

వంతెన కింద నాతో అన్న మాట ఇప్పుడు ఆయనతో అంటుందని అత్త వైపే చూస్తున్నాను. పెదవులు కదిలాయి కూడా. చివరికి "అవునండి" అంది. తాతయ్య తువ్వాలు భుజాన వేసుకుని భోజనానికి లోపలికి వెళ్లారు. ఆ ఏడాది వేసవిలో కాలువకి నీళ్లు కట్టేయకముందే అత్త పడవని కాలేజీకి తిరిగి పంపేసింది.

ఇప్పుడు అత్త రామచంద్రపురంలో సొంతంగా ఎరువుల కొట్టు నడుపుతోంది. బాగానే ఉంది. నేనే ఆ సాయంత్రాన్ని మర్చిపోలేకపోతున్నాను. తాతయ్య చివరి రోజుల్లో ఒకసారి మాటల్లో, అత్త వంతెన కింద నాతో అన్న మాట చెప్పాను. ఆయన, "అంత ప్రాణమని నాకు తెలీదమ్మా. సరదా అంటే సరదానే అనుకున్నాను" అన్నారు. ఆ ముఖం చూశాక, చెప్పకుండా ఉంటే బాగుండేదనిపించింది.

నాకు కావలసింది అడగాల్సి వచ్చిన ప్రతిసారీ, "పెద్ద విషయం కాదులెండి" అనే మాట ముందు నా నోటికీ వస్తుంది. దాన్ని మింగేసి, ఎంత కావాలో అంతా చెప్పే అడుగుతాను. చాలామంది కాదన్నారు. కానీ ఏం కాదంటున్నారో వాళ్లకి తెలుసు. మా తాతయ్యకి ఆపాటి అవకాశమైనా దక్కలేదు.