మస్కట్‌ల డేరా, సంచిల బంగారం

మా ఆయన మస్కట్‌ల బండి నడుపుతడు. నాలుగేండ్లాయె, ఇంటికి రాలే. ఈసారి దొరికిన సెలవు రెండే దినాలు, శుక్రవారం, శనివారం. అందుకే మేమే పోదామనుకున్నం. నేను, మా అత్త, ఆరేండ్ల బిడ్డ అక్షిత.

పోతే ఏడ ఉండాలె? "రూంల ఎనిమిదిమందిమి ఉంటం, ఆడోళ్లను రానియ్యరు. హోటలంటే సగం జీతం పాయె" అన్నడాయన ఫోన్ల. పక్కనే వింటున్న మా అత్త అందుకున్నది. "సమ్మక్క జాతరల నాలుగు దినాలు డేరాల ఉండలేదా కొడుకా? ఆడ డేరా ఏసే జాగ లేదా?"

ఉన్నదట. చలికాలం అక్కడోళ్లు గూడ పిల్లలతోని సముద్రం ఒడ్డుకు వచ్చి ఉంటరట. ఆయన జగిత్యాల దోస్తు డేరా ఇస్తనన్నడు. రెండు నెలల ముందే చౌక టికెట్లు తీసుకున్నం. విమానం తప్పిపోతే పైసలు తిరిగి రావు, తేదీ మారదు.

పోయేటోళ్లకు చెప్తున్న, గిన్నెలు మొయ్యకున్రి, ఆడ దొరుకుతయి. దుప్పట్లు మర్వద్దు. మేము సకినాలు, చింతపండు, కారంపొడి కట్టుకున్నం. మా అత్త గుడ్డసంచిల రెండు కిలోల బెల్లం పెట్టుకున్నది. సమ్మక్కకు పెట్టే బెల్లాన్ని మేము బంగారమంటం. కొడుకును కండ్ల జూస్తే బంగారం పెడతనని ఆమె మొక్కు.

గురువారం ఒంటిగంటకు మా ఊరు ఇచ్చోడల బస్సెక్కినం. నిర్మల్‌ల ఎక్కిన ఒక పెద్దాయన మా సంగతంతా అడిగి నవ్విండు. "గల్ఫ్ పైసలతోని మంది బంగ్లాలు కడ్తరు. మీరు డేరాల ఉంటరా?"

"నీకున్నదా బంగ్లా?" అన్నది మా అత్త.

"ఉన్నది. తాళమేసి ఉన్నది" అని ఆయన కిటికిల నుంచి బయటికి చూసుకుంట కూసున్నడు.

ఆ రాత్రి హైదరాబాదుల మా అక్క ఇంట్ల పండుకొని, తెల్లారి ఏడింటికి విమానాల కాడికి పోయినం. పదిన్నరకు విమానం. లైన్లన్ని దాటి పోతే, సంచులు చూసే మిషన్ కాడ మా అత్త సంచి ఆగింది.

"ఏముందమ్మా ఇండ్ల?"

"బంగారం."

"ఎంత?"

"రెండు కిలోలు."

అడిగిన పిలగాడు ఇంకిద్దరిని పిలిచిండు. బిల్లేదన్నరు. "కిరాణ సేటు మా ఎరుకైనాయనే, బిల్లెందుకు?" అన్నది మా అత్త. అవతల బిడ్డకు చెప్పులు తొడిగిస్తున్న నేను ఉరికొచ్చిన. అప్పటికే తొమ్మిదీ నలభై.

"సార్, అది బెల్లం."

"మరి బంగారమంటదేంది? నువ్వే చెప్పమ్మా, బెల్లమేనా?"

మా అత్త నా దిక్కు మల్లింది. "మొక్కుకున్నదాన్ని ఆ పేరుతోని పిలుస్తమా బిడ్డా?" అన్నది నాతోని, మెల్లగ. విమానం పోతే కొడుకు కనపడడని ఆమెకు ఎరుకే. అయినా బెల్లమని అనలే.

గప్పుడు ఒక ఆడ పోలీసు వచ్చి మూట ఇప్పింది. సమ్మక్క గద్దెలున్న ములుగు దిక్కామెనట. గడ్డను ముట్టి కండ్లకద్దుకున్నది. "బంగారమే సార్, పంపున్రి" అని తనే ముడేసి ఇచ్చింది. మేమెక్కినంక తలుపేసిన్రు.

అక్కడి టైం పన్నెండున్నరకు దిగినం. ఆయన బయటనే నిలబడ్డడు. అక్షిత నా కొంగెన్క దాసుకున్నది. "ఫోన్ల బాపు చిన్నగుంటడు కదా" అన్నది. గంట సేపు కారుల పోతే సముద్రం వచ్చింది. గాలికి డేరా లేస్తుంటే అంచులకు ఇసుక పోసినం. నల్లా దగ్గర్నే ఉన్నది. చిన్న గ్యాస్ పొయ్యి మీద అన్నం వండి పచ్చిపులుసు కలిపిన. ఆయన తిని, తల్లి ఒళ్లె తల పెట్టి పొద్దుగూకేదాక పండుకున్నడు. ఉన్నవే రెండు దినాలు, లేపాల్నని నాకు మస్తు అనిపిచ్చింది. మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

శనివారం పొద్దుగాల ఆమె నీళ్ల ఒడ్డుకు బంగారం పెట్టి మొక్కింది. బాపు భుజం మీద కూసున్న అక్షిత పక్క డేరాల పిల్లలందరికీ తలా ఇంత పంచింది.

ఆదివారం పొద్దుగాల ఆయన మమ్ముల విమానాల కాడ దింపి డ్యూటీకి పోయిండు. సౌలతులు తక్కువనే గని, ఒక్క ఇంటోళ్లం ఒక్క కప్పు కింద ఉండనీకి ఆ డేరా సరిపోయింది.

హైదరాబాదుల దిగినంక ఒక ఆఫీసరు ఆపిండు. గల్ఫ్ నుంచి వచ్చేటోళ్లను అడుగుతరట. "బంగారమేమన్న తెస్తున్నవా అమ్మా?"

మా అత్త ఖాళీ గుడ్డసంచి ఇదిలించి చూపిచ్చింది.

"నేను తీస్కపోయిన బిడ్డా. మొక్కు తీరినంక మిగిలింది మా పిలగాని రూంకు ఇచ్చిన. ఆడ ఎనిమిదిమంది ఉన్నరు."